ఒక్క ఎంసెట్ మార్కుకు పదకొండు ఇంటర్ మార్కులు

(మనుబోలులో పదో తరగతి, ఇంటర్ విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉద్యోగుల సమావేశంలో ఒక విలేకరి చేసిన ప్రసంగ పాఠం)



నేను పంతుల్ని కాను. పెద్ద చదువులు చదివినవాణ్ణి అంతకన్నా కాను. డిగ్రీ చదివి, ఉద్యమంలో జెండా పట్టి తిరిగి, ఆ తర్వాత పత్రికలో పడినవాణ్ణి. ఈ రోజు మీ ముందు నిలబడ్డానంటే దానికి కారణం పోయిన వారం మన బస్టాండు దగ్గర టీ బంకులో జరిగిన సంగతి.

నాకు తెలిసిన పెద్దాయన ఒకాయన, కౌలు రైతు, నన్ను ఆపి అడిగాడు. "అబ్బయా, మా పాపకు పదిలో 560 వచ్చినాయి. నెల్లూరులో హాస్టల్ కాలేజీలో వెయ్యకపోతే ఎంసెట్ రాదంట గదా. వాళ్లు చెప్పిన లెక్క వింటే రెండు గేదెలు, దాని మెళ్లో గొలుసు పోతాయి. అసలు ఎంసెట్ రాయకుండా సీటిచ్చే చోటు యాడా లేదా?" పక్కన నిలబడిన ఆ పాప మాత్రం వేరే ప్రశ్న వేసింది. "పదిలో వచ్చినవి మార్కులు కావా అన్నా? రేపు ఇంటర్లో వచ్చేవీ మార్కులు కావా? మళ్లీ ఇంకో పరీక్ష ఎందుకు?"

ఇద్దరికీ టీ చల్లారే లోపల జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి పోయి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ జవాబే ఈ మాటలు.

ముందు పాప ప్రశ్న తీసుకుందాం. పరీక్షను తిట్టే ముందు అది ఎందుకొచ్చిందో గుర్తు చేసుకోవాలి. ఒకప్పుడు డాక్టరు సీటు, ఇంజనీరు సీటు డబ్బు సంచులకు అమ్ముడుపోతున్నాయని గోల లేచింది. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ ఏటి 5వ నంబరు చట్టం. వైద్య, ఇంజనీరింగ్ సీట్లు ఉమ్మడి ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టే ఇవ్వాలని రాసింది అందులోనే. తర్వాత కూడా గొడవలు ఆగలేదు. 1992లో ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల వివాదంలో హైకోర్టు తీర్పు వచ్చాక, మన జిల్లా నుంచి ముఖ్యమంత్రి అయిన నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. మరుసటేడు ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు ప్రతిభకు, సగం ఫీజు కట్టగలిగినవాళ్లకు అని పంచింది. ఆ కేసులో రెండో పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే.

అంటే ఎంసెట్ పేదవాడి మీదికి వచ్చిన కత్తి కాదు. మొదట వచ్చింది డాలుగానే. జవాబు పత్రానికి ఎవరి కొడుకో, ఏ కులమో, ఏ మంత్రి సిఫార్సు ఉత్తరమో తెలియదు. ఆ మేలును నేను కాదనను. మన ఊళ్లలో పూరింట్లో పుట్టి, ర్యాంకు కొట్టి, ఈ రోజు ఆసుపత్రి నడుపుతున్నవాళ్లు ఉన్నారు. పరీక్ష లేకపోతే వాళ్లను ఎవరు లోపలికి రానిచ్చేవారు?

మరి ఏం జరిగింది? సీటు అమ్మితే నేరమన్నారు. సరే, సీటుకు పోయే దారిని అమ్మితే? దానికి చట్టం లేదు. ఆ దారికి గేటు పెట్టి టోల్ వసూలు చేసే వ్యాపారం పుట్టింది. అందులో ఒక పెద్ద దుకాణం పుట్టింది మన నెల్లూరులోనే, పేరు చెప్పనక్కర్లేదు. క్యాపిటేషన్ ఫీజు అనే మాట పోయింది. రెండేళ్ల ఫీజు, హాస్టల్, మెటీరియల్, టెస్ట్ సిరీస్ అనే మాటలు వచ్చాయి. ఎంత కట్టామన్నది ఇంట్లో ఆడవాళ్ల మెళ్లో చూస్తే తెలుస్తుంది.

నా సంగతే చెప్తాను. 2005లో నేను ఇంటర్ పాసయ్యాను. సర్కారు కాలేజీ. లెక్కల లెక్చరర్ పోస్టు ఏడాదిన్నర ఖాళీ. ఫిజిక్స్ సారు ఒక్కరే రెండు సెక్షన్లకు. అయినా మార్కులు బాగానే తెచ్చుకున్నాను, బోర్డు మీద నా పేరు రాశారు. ఎంసెట్ హాల్లోకి పోయి ప్రశ్నపత్రం తెరిస్తే నాకు తెలిసిన పాఠాలే, తెలియని అడగడం. నేను ఒక లెక్కను వరస తప్పకుండా, స్టెప్పులేసి చేసేవాణ్ణి. పక్కనున్న కుర్రాడు ఆప్షన్లు చూసి, రెండు కొట్టేసి, మూడోది పెట్టేసి పోతున్నాడు. వాడికి అదే రెండేళ్లు నేర్పారు. నా ర్యాంకు యాభై వేలు దాటింది. నేను తెలివి తక్కువవాణ్ణని మూడేళ్లు నమ్మాను. చూడండి, ఆ నమ్మకమే పరీక్ష చేసిన అసలు నష్టం. సీటు పోతే పోయింది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. పిల్లలారా, ఇది రాసుకోండి. ఉమ్మడి రాష్ట్రంలోనే ఇంటర్ మార్కులకు ఎంసెట్‌లో 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. కాలేజీలో పాఠం వినేవాణ్ణి కాపాడడానికి అన్నారు. కరోనా వచ్చి ఇంటర్ పరీక్షలు తారుమారైన ఏళ్లలో దాన్ని పక్కన పెట్టారు. ఆ తర్వాత తెలంగాణ 2023లో శాశ్వతంగా ఎత్తేసింది. మన ఆంధ్రప్రదేశ్ అదే 2023లో తిరిగి పెట్టింది. 2021 నుంచి మన దగ్గర దాని పేరు ఈఏపీసెట్. జనం నోట్లో మాత్రం ఎంసెట్టే, నేనూ అదే అంటాను.

25 శాతం అంటే పావు వంతు, బాగుంది కదా అనుకుంటాం. గీసి చూడండి. ఎంపీసీలో గ్రూపు సబ్జెక్టులు 600 మార్కులకు అనుకుంటే, ఆ 600 మార్కులకు విలువ 25. ఎంసెట్ 160 మార్కులకు విలువ 75. సెషన్ల మధ్య చేసే సర్దుబాటును పక్కన పెడితే, ఎంసెట్‌లో ఒక్క మార్కు ఇంటర్‌లో పదకొండుంబావు మార్కులకు సమానం! ఒక అమ్మాయికి ఇంటర్‌లో 580, ఎంసెట్‌లో 60. ఇంకొకడికి ఇంటర్‌లో 480, ఎంసెట్‌లో 80. అమ్మాయికి కలిపి 52 చిల్లర. వాడికి 57న్నర. రెండేళ్లు రోజూ క్లాసులో కూర్చుని తెచ్చుకున్న నూరు మార్కుల ఆధిక్యాన్ని మూడు గంటల్లో ఇరవై బిట్లు మింగేశాయి. ఇక డాక్టరు చదువుకు ఈ పావు వంతు కూడా లేదు. 2017 నుంచి మనకు నీట్ ఒక్కటే. ఇంటర్ మార్కులు అర్హతకు తప్ప ర్యాంకుకు పనికిరావు.

"అయితే పరీక్ష ఎత్తేద్దాం, ఇంటర్ మార్కులే చూద్దాం" అని మీలో కొందరు అంటారు. నేనూ ఒకప్పుడు గోడల మీద అదే రాశాను. ఇప్పుడు అంత తేలిగ్గా అనను. ఎందుకో చెప్తాను.

మనకు హైదరాబాద్ కంటే చెన్నై దగ్గర. గూడూరులో రైలెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని రావచ్చు. ఆ తమిళనాడు 2006లో చట్టం చేసి ప్రవేశ పరీక్షను తీసేసింది. ఇంజనీరింగ్ సీట్లు ఈ రోజుకూ ప్లస్ టూ మార్కుల మీదే ఇస్తోంది. పల్లె పిల్లలకు, తమిళ మాధ్యమం పిల్లలకు అది మేలే చేసింది. కానీ కోచింగ్ వ్యాపారం చచ్చిపోయిందా? లేదు, ఇల్లు మారింది. నామక్కల్ వైపు హాస్టల్ స్కూళ్లు మార్కుల ఫ్యాక్టరీలయ్యాయి. ప్లస్ వన్ పాఠాలు ఎగ్గొట్టి రెండేళ్లూ ప్లస్ టూ పాఠాలే బట్టీ పట్టించారు. చివరికి ప్రభుత్వమే 2017లో ర్యాంకర్ల ప్రకటనలు ఆపి, 2017–18 నుంచి ప్లస్ వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టాల్సి వచ్చింది.

అదే ఏడు వైద్య సీట్లకు నీట్ వచ్చి పడింది. అరియలూరు జిల్లాలో కూలీ కూతురు అనిత, ప్లస్ టూలో 1200కు 1176 తెచ్చుకున్న దళిత బిడ్డ, పాత పద్ధతిలో అయితే డాక్టరు కావాల్సిన పిల్ల, సుప్రీంకోర్టు దాకా పోయి, 2017 సెప్టెంబరు 1న ప్రాణం తీసుకుంది. నీట్ మీద తమిళనాడు వేసిన జస్టిస్ ఎ.కె.రాజన్ కమిటీ 2021లో నివేదిక ఇచ్చింది. నీట్‌కు ముందు వైద్య సీట్లలో 14 శాతం దాకా ఉన్న తమిళ మాధ్యమం పిల్లలు 2017–18లో 2 శాతం లోపుకు పడిపోయారు. ఏ పరీక్ష పెడితే ఎవరు లోపలికొస్తారో, ఎవరు బయట నిలబడతారో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? 2020లో సర్కారు బడి పిల్లలకు ఏడున్నర శాతం సీట్లు విడిగా పెట్టుకున్నాకగానీ వాళ్లకు కాస్త ఊపిరి ఆడలేదు.

ఇక మార్కులు మాత్రం పవిత్రమా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? తెలుగులో సున్నా అని వచ్చిన అమ్మాయికి తిరిగి దిద్దితే 99 తేలాయి. ఫెయిలైన 3 లక్షల మందికి పైగా పిల్లల పేపర్లు మళ్లీ చూడాల్సి వచ్చింది. ఆ లోపల ఇరవై మందికి పైగా పిల్లలు లేరు. ప్రాక్టికల్స్ సంగతి మీకు నేను చెప్పాలా? ముప్పైకి ముప్పై ఎట్లా పడతాయో, బయటి ఎగ్జామినర్‌కు ఏ హోటల్లో భోజనమో! జంబ్లింగ్ పెట్టి వేరే కాలేజీకి పంపుతామంటే యాజమాన్యాలు ఎందుకంత గొడవ చేశాయి? పిల్లల మీద ప్రేమతో కాదు.

ప్రవేశ పరీక్ష కూడా అంతే. 2016లో తెలంగాణ ఎంసెట్–2 పేపరు లీకై, రద్దై, సెప్టెంబరు 11న మూడోసారి రాయించారు. 2024 నీట్ ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చి దేశమంతా ముక్కున వేలేసుకుంది. డబ్బున్నవాడు పరీక్షనూ కొనగలడు, మార్కులనూ కొనగలడు. కాబట్టి "పరీక్షా, మార్కులా" అన్న కొట్లాటలో పడితే మనం వాళ్ల ఆటే ఆడుతున్నట్టు. అడగాల్సింది వేరే ఉంది. ఈ పిల్లను ఎవరితో పోల్చి చూస్తున్నారు?

ఈ ప్రశ్నను మన రాష్ట్రంలోనే ఒకచోట సరిగ్గా అడిగారు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు కదా, రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద. మొదటి చాన్సలర్ చిత్తూరు జిల్లా పల్లె నుంచి పోయి అమెరికాలో కంప్యూటర్ శాస్త్రంలో పేరు తెచ్చుకున్న రాజ్ రెడ్డి గారు. అక్కడ సీటుకు ఎంసెట్ లేదు. పది మార్కులే. పది కాగానే తీసుకుని ఆరేళ్లు అక్కడే చదివిస్తారు, రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన చదువు, నాలుగేళ్లు బీటెక్. అంటే హాస్టల్ కాలేజీ వ్యాపారం గేటు పెట్టే ఆ రెండేళ్లనే లేకుండా చేశారు. నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి ఇదే.

ఇంకొకటి కూడా చేశారు. హాస్టల్ వసతి లేని సర్కారు బడిలో, అంటే మన జిల్లా పరిషత్ హైస్కూలు లాంటి చోట చదివిన పిల్లకు వెనుకబాటు స్కోరు అని 0.4 కలిపారు. గ్రేడ్లున్న రోజుల్లో 9.4 తెచ్చుకున్న జిల్లా పరిషత్ పిల్ల 9.8 తెచ్చుకున్న ప్రైవేటు పిల్లతో సమానంగా నిలబడింది. మార్కులు తిరిగొచ్చాక అదే 4 శాతమైంది. దీన్ని దయ అనొద్దు. తూకంలో రాయి తేడా ఉంటే సరిచెయ్యడం దయ ఎట్లా అవుతుంది?

మా చిన్నాన్న కూతురు అట్లాగే ఇడుపులపాయ పోయింది. తెలుగు మీడియం. మొదటి ఆరు నెలలు ఫోన్ చేస్తే ఏడుపే. "అన్నా, లాప్‌టాప్ ముందు పెట్టి ఇంగ్లీషులో ఏందో చెప్తుండారు, నాకేం ఎక్కడంలా" అనేది. వచ్చేస్తానంది. పిన్నమ్మ పెట్టె సర్దుకుని పోయి తీసుకొచ్చేద్దామనుకుంది కూడా. రెండో ఏటికి నిలదొక్కుకుంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, నాకంటే జీతం ఎక్కువ, పండక్కొచ్చినప్పుడల్లా గుర్తు చేస్తుంది. అక్కడ అంతా బాగుందని నేననను. భోజనాల మీద, అధ్యాపకుల కొరత మీద పిల్లలు ధర్నాలు చేసిన వార్తలు నేనే రాశాను. కానీ ఎంసెట్ తూకంలో ఆ పిల్ల తేలిపోయేది. ఈ తూకంలో నిలబడింది.

ఆ పద్ధతి కూడా గట్టిదేం కాదు. 2020లో కరోనా వల్ల పది పరీక్షలు లేకుండానే అందరినీ పాస్ చేశారు. మార్కుల్లేవు కనక ట్రిపుల్ ఐటీకీ ఆ డిసెంబరులో ప్రవేశ పరీక్ష పెట్టారు. మరుసటేడూ పెట్టారు. 2022లో మళ్లీ పది మార్కులకు వచ్చారు. పరీక్ష పెట్టిన ఏడాది కోచింగ్ బోర్డులు ఎంత త్వరగా లేచాయో గుర్తుందా? వాన పడ్డ మర్నాడు పుట్టగొడుగులు నయం.

ఉద్యోగ మిత్రులు కొందరు ఇక్కడ అడ్డు తగులుతారు. "అట్లా మార్కులు కలుపుకుంటూ పోతే ప్రతిభ ఏం గావాలి?" అని. అన్నా, నిన్ను తప్పు పట్టను, నీ కొడుక్కు నువ్వు జీతంలో సగం పోసి చదివిస్తున్నావు. కానీ ఒక్కటి ఆలోచించు. లెక్కల సారు లేని కాలేజీలో 500 తెచ్చుకున్నవాడూ, పూటకొక సారు, వారానికొక టెస్టు ఉన్న కాలేజీలో 540 తెచ్చుకున్నవాడూ నీ ఆఫీసులో చేరితే ఎవరు సొంతంగా పని నేర్చుకుంటారు? నేనైతే మొదటివాణ్ణి తీసుకుంటాను.

అమెరికా ముచ్చట క్లుప్తంగా చెప్పి పోతాను, ఎందుకంటే కన్సల్టెన్సీల బోర్డుల మీద "జీఆర్ఈ అక్కర్లేదు" అని రాస్తున్నారు. 2020లో కరోనాతో అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు శాట్, జీఆర్ఈ స్కోర్లు ఇష్టముంటే పంపండి, లేకుంటే మానండి అన్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాట్‌ను చూడటమే మానేసింది. కానీ ఎంఐటీ 2022లో మళ్లీ కావాలంది. 2024లో డార్ట్‌మత్, యేల్, హార్వర్డ్ అదే దారి పట్టాయి. డార్ట్‌మత్ ఆచార్యులు లెక్క తీస్తే ఒక సంగతి బయటపడింది. పేద ఇళ్ల పిల్లలు తమ స్కోరు తక్కువేమోనని భయపడి దాచుకున్నారు. ఆ స్కోరు పంపి ఉంటే, వాళ్ల బడిని, ఇంటిని పక్కన పెట్టి చూసేవాళ్లు కనక, సీటొచ్చే అవకాశం పెరిగేది. దాచుకుని పోగొట్టుకున్నారు! మన పిల్లలదీ అదే జబ్బు. "మనకెక్కడొస్తుందిలే" అని ఫారమే పెట్టరు. ఎంఎస్‌కు పోవాలనుకునేవాళ్లకు కూడా ఇదే మాట. అక్కర్లేదన్నచోట కూడా మంచి స్కోరుంటే పంపండి.

ఇంకో సంగతి, ఇది మన ఉద్యమాల చరిత్రకు సంబంధించింది. 1969లో, 1972లో జనం రోడ్ల మీదికి వచ్చింది సీట్ల కోసం, కొలువుల కోసమే. ఆ గొడవల్లోంచి 1973 ఆరు సూత్రాలు, రాజ్యాంగంలో 371–డి, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. సీట్లలో 85 శాతం స్థానికులకు అన్నది అప్పటిదే. నెల్లూరు కోస్తా జిల్లా అయినా సీట్ల లెక్కలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో పడింది, నాలుగు సీమ జిల్లాలతో కలిపి. అంటే తిరుపతిలో మనం స్థానికులం. విశాఖలో కాదు. స్థానికత పుట్టిన ఊరితో కాదు, చదివిన చోటుతో తేలుతుంది. చివరి నాలుగేళ్లు వరసగా ఒకే ప్రాంతంలో చదివితే అక్కడివాళ్లే. లేకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. పది దాకా ఇక్కడ చదివి రెండేళ్లు విజయవాడ పోతే ఫరవాలేదు. ఎనిమిదిలోనే ఫౌండేషన్ కోర్సని పంపారనుకోండి, ఐదేళ్లు అక్కడివే అవుతాయి. ఫీజు కట్టి మరీ తిరుపతిలో మన 85 శాతాన్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. దుకాణంవాడు ఈ సంగతి చెప్పడు.

మనం ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇదీ. ట్రిపుల్ ఐటీల్లో ఇచ్చే వెనుకబాటు స్కోరును ఎంసెట్ ర్యాంకులోనూ కలపండి. పదివేల లోపు ర్యాంకుల్లో సర్కారు కాలేజీ పిల్లలెందరో, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లెందరో ఏటా ఫలితాల రోజే ప్రకటించండి. దుకాణాలు ఒకటీ రెండూ మూడూ అని టీవీలో అరిచే రోజే ఈ లెక్క కూడా చెప్పండి. జూనియర్ కాలేజీల్లో ఖాళీ పోస్టులు నింపండి. ఎంసెట్ కంప్యూటర్ మీద రాయాలి కనక మౌస్ పట్టుకోవడం అలవాటయ్యేలా ప్రతి మండలంలో నాలుగు నమూనా పరీక్షలన్నా పెట్టండి. సంతకాల కాగితం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది.

మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికి. మామ ఇక్కడే ఉన్నాడు, మూడో వరసలో. మామా, ఎంసెట్ లేకుండా సీటిచ్చే చోట్లున్నాయి. పాప 560తో ట్రిపుల్ ఐటీకి ఈ ఏడే ఫారం పెట్టాలి. జిల్లా పరిషత్ బడి కనక ఆ 4 శాతం కలుస్తుంది. వస్తుందని మాటివ్వను, రాష్ట్రమంతా పోటీ. రాకపోతే సర్కారు జూనియర్ కాలేజీలో చేర్చు, సాయంత్రాలు మేం కొందరం కూర్చుని బిట్లు చేయిస్తాం, ఎంసెట్ కూడా రాయిద్దాం. డిగ్రీ అయితే ఇంటర్ మార్కులతోనే ఆన్‌లైన్‌లో సీటిస్తారు, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం మనకు బస్సు దూరంలో కాకుటూరులోనే ఉంది. గేదెల్ని మాత్రం ఇప్పుడే అమ్మొద్దు.

ఆదివారం పొద్దున తొమ్మిదికి నేనూ, ఇద్దరు మాస్టర్లూ ఇక్కడే కూర్చుంటాం, ఫారాలు నింపడానికి. పది మార్కుల జాబితా, ఆరు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్, రెండు ఫొటోలు తెచ్చుకోండి. స్టడీ సర్టిఫికెట్ మీద హెడ్మాస్టరు సంతకంతో పాటు స్టాంపు పడిందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని రండి, పోయినేడు దాని కోసమే ఇద్దరు వెనక్కి పోయారు.